దుమ్ముకి ఊరేది? – ఎడారి ధూళి జాడ తీసే కంప్యూటర్ లెక్కలు

(అమలాపురంలో డిగ్రీ విద్యార్థులు, ఉపాధ్యాయులు, రైతులు హాజరైన సభలో ఒక వాతావరణ పరిశోధకురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ఇందాక బయట టీ తాగుతుంటే, ఇదిగో ముందు వరసలో కూర్చున్న ఈ పెద్దాయన నన్ను ఒక మాట అడిగారు. "ఆయ్, అమ్మా, మన చుట్టూ కాలవలు, చేలు, చెరువులు, ఆ పక్కన సముద్రం. ఎడారి దుమ్ముతో మనకేం పనండీ?" అని. చాలా సరైన ప్రశ్న. దానికి జవాబు చెప్పాలనే వచ్చాను. కానీ ఎడారి దగ్గర మొదలుపెట్టను. మన గోదారి ఇసుక దగ్గరే మొదలుపెడతాను.

నేను లంక ఊళ్లో పుట్టి పెరిగాను. ఏప్రిల్, మే నెలల్లో పాయ సన్నబడిపోయి ఇసుక తిన్నెలు బయటపడతాయి. మధ్యాహ్నం దాటాక గాలి లేచినప్పుడు ఆ తిన్నె మీద నడిచినవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. పిక్కలకి ఇసుక సూదుల్లా గుచ్చుకుంటుంది. మొహానికి మాత్రం తగలదు. చిన్నప్పుడు చెప్పుల్లో ఇసుక దులుపుకుందామని కూర్చుంటే చెంపలకి కొట్టేది, లేచి నిలబడితే మళ్లీ మోకాళ్ల కిందకే పరిమితం. అలా ఎందుకో నాకు ఇరవై ఏళ్లు దాటాక గానీ తెలియలేదు.

ఇసుక రేణువు గాలిలో ఎగరదు, గెంతుతుంది. గాలి దాన్ని కాస్త పైకి లేపుతుంది, కొంచెం ముందుకు తోస్తుంది, బరువుకి అది మళ్లీ నేల మీద పడుతుంది. పడేటప్పుడు ఊరికే పడదు. కింద ఉన్న ఇంకో నాలుగు రేణువుల్ని కొట్టి పడుతుంది. అవి గెంతుతాయి. రాల్ఫ్ బాగ్నోల్డ్ అని బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరు ఒకాయన ఉండేవారు. ఈజిప్టు, లిబియా ఎడారుల్లో కార్లేసుకుని తిరిగి, తర్వాత ఇంగ్లండులో గాలి సొరంగం కట్టి అందులో ఇసుక పోసి, ఈ గెంతుల్ని కొలిచి 1941లో పుస్తకం వేశారు. ఈనాటికీ మన కంప్యూటర్ మోడళ్లలో దుమ్ము లెక్క ఆయన పెట్టిన పునాది మీదే నిలబడి ఉంది.

మరి దుమ్ము ఎక్కడ పుడుతుంది? ఆ దెబ్బల్లో పుడుతుంది. ఎడారి నేలలో ఇసుకతో పాటు మెత్తటి మన్ను కూడా ఉంటుంది. తనంతట తాను అది గాలికి లేవదు. అంత సన్నటి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని పెచ్చు కట్టి ఉంటాయి. గెంతుతున్న ఇసుక వచ్చి ఆ పెచ్చుని బాదితే అది చిట్లి, పౌడరు లాంటి ధూళి పైకి లేస్తుంది. ఇసుక అక్కడే ఉండిపోతుంది, ప్రయాణం చేసేది ఈ ధూళి. అందుకే అన్నిటికంటే ఎక్కువ దుమ్ము లేచేది మనం బొమ్మల్లో చూసే ఇసుక దిబ్బల మీద కాదు, ఎండిపోయిన పాత చెరువుల అడుగుల మీద. ఆఫ్రికాలో చాద్ దేశంలో బొడెలే అని ఒక పల్లం ఉంది. ఒకప్పుడు మహా సరస్సు అడుగుభాగం అది. రెండు పర్వతాల మధ్య సందులోంచి గాలి దూసుకొచ్చి సరిగ్గా దాని మీద పడుతుంది. ప్రపంచంలోకెల్లా ఎక్కువ దుమ్ము లేచే చోటు అదే. నీళ్లు నిలిచిన చోటే మెత్తటి మన్ను పేరుకుంటుంది కదా. ఆ సంగతి డెల్టా వాళ్లకి వేరే చెప్పాలా.

ఇక లేచిన ధూళి ఎంత దూరం పోతుంది? మా అమ్మ కళ్లంలో తూర్పార పట్టడం నా కళ్లకి ఇప్పటికీ కడుతుంది. చేట తల మీదికెత్తి, గాలి వాటం చూసుకుని, సన్నగా ధార కట్టించి వదిలేది. గింజ కాళ్ల దగ్గరే పడేది. తాలు ఒక బార అవతల. ఊక ఇంకా అవతల. ఇక నుసి అయితే పక్కవాళ్ల చేలోకి పోయేది, వాళ్లు కళ్లు నులుముకుంటూ కేకలేసేవాళ్లు. ఒకే చేట, ఒకే గాలి, ఒకే ఎత్తు. అయినా నాలుగూ నాలుగు చోట్ల పడ్డాయి. దుమ్ము మోడల్ మొత్తంలో అర్థం చేసుకోవాల్సిన మొదటి విషయం ఇదే.

చిన్న లెక్క చేద్దాం. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అందులో ఏడో వంతు, అంటే 10 మైక్రాన్ల ధూళి రేణువు నిశ్చలమైన గాలిలో సెకనుకి ముప్పాతిక సెంటీమీటరు పైచిలుకు దిగుతుంది. మూడు కిలోమీటర్ల ఎత్తు నుంచి నేలకి రావడానికి నాలుగు రోజులు దాటుతుంది. ఆ ఎత్తులో గాలి గంటకి 36 కిలోమీటర్లే అనుకోండి, రోజుకి 860 కిలోమీటర్లు. జైసల్మేర్ నుంచి అమలాపురానికి తిన్నగా చూస్తే దాదాపు 1,600 కిలోమీటర్లు. రెండు రోజుల దారి. అంటే థార్ ఎడారి ధూళి మన నెత్తి మీదికి వచ్చేసరికి దానికింకా రెండు రోజుల ఆయుష్షు మిగిలే ఉంటుంది. ఒక్క మైక్రాన్ రేణువు అయితే వంద రెట్లు నెమ్మదిగా దిగుతుంది, తనంతట తాను దిగాలంటే ఏడాది పైనే. దాన్ని దింపేది వానే. 2007 మేలో చైనాలోని తక్లమకాన్ ఎడారిలో లేచిన ధూళి 13 రోజుల్లో భూమిని ఒక చుట్టు చుట్టేసింది. శాటిలైట్ లేజర్ కొలతల్నీ కంప్యూటర్ మోడల్నీ కలిపి జపాన్ శాస్త్రవేత్తలు ఆ జాడ తీశారు.

సరే, కంప్యూటర్ ఈ జాడ ఎలా తీస్తుంది? ఇందులో రెండు పద్ధతులున్నాయి.

ఒకటి మడుల పద్ధతి. ఆకాశాన్ని మన వరి మడుల్లా గళ్లు గళ్లుగా కోస్తాం, ఒకదాని మీద ఒకటి అంతస్తులుగా కూడా. ఒక్కో మడిలోకి పై మడి నుంచి ఎంత వచ్చింది, కింది మడిలోకి ఎంత పోయింది, నేలలోకి ఎంత ఇంకింది. రైతు గట్టు మీద నిలబడి తూము చూసి వేసే లెక్కే ఇది. కాకపోతే నీటి బదులు ధూళి. మడిలోకి వచ్చింది, లేచింది కూడాలి. పోయింది, కింద పడింది, వానకి కడిగినది తీసెయ్యాలి. మిగిలింది ఆ మడిలో ఉన్న దుమ్ము. ప్రతి కొన్ని నిమిషాలకీ ప్రతి మడికీ ఈ లెక్క మళ్లీ చెయ్యాలి. అదీ ఒక్కో సైజు రేణువుకి విడివిడిగా, గింజకి వేరు, తాలుకి వేరు, నుసికి వేరు. మడులు లక్షల్లో ఉంటాయి కాబట్టి కంప్యూటర్ కావాలి గానీ, లెక్కలో మాయేమీ లేదు. ఐరోపాలోని కోపర్నికస్ సేవ, మన దేశంలో నోయిడాలోని జాతీయ మధ్యకాలిక వాతావరణ అంచనా కేంద్రం ఇలా రోజూ ముందస్తు అంచనాలు ఇస్తున్నాయి. కోపర్నికస్ వాళ్ల ప్రపంచ మోడల్లో ఒక్కో మడి సుమారు 40 కిలోమీటర్లు. అంటే మన కోనసీమ అంతా కలిపి రెండు, మూడు మడులు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

రెండోది గుర్రపుడెక్క పద్ధతి. కాలవలో గుర్రపుడెక్క దుబ్బు ఒకటి కొట్టుకొస్తూ లాకుల దగ్గర ఆగింది. ఇది ఎక్కడ బయల్దేరింది? ఏ గంటకి ఏ కాలవలో నీటి వేగం ఎంతో మన దగ్గర రాసి ఉంటే, వెనక్కి లెక్క కట్టుకుంటూ పోవచ్చు. గంట కిందట ఫలానా వంతెన దగ్గర, నాలుగు గంటల కిందట ఫలానా కాలవ మొగలో. గాలికీ అంతే. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా వాళ్లది హైస్ప్లిట్ అని ఒక ప్రోగ్రాం ఉంది. ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఇక్కడున్న పిల్లలు ఈ రాత్రే వాడి చూడొచ్చు. అమలాపురం అక్షాంశం, రేఖాంశం ఇచ్చి, ఫలానా రోజు ఫలానా టైముకి ఇక్కడున్న గాలి గత అయిదు రోజులూ ఎక్కడ తిరిగిందో అడిగితే పటం మీద గీత గీసి ఇస్తుంది.

ఆ గీత ఎంత అందంగా ఉంటుందంటే, చూడగానే నమ్మేస్తాం. నేను అలాగే నమ్మాను. పరిశోధన విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక మే నెలలో మన తూర్పు తీరంలో ధూళి కొలత ఒక్కసారిగా పెరిగింది. నేను 500 మీటర్ల ఎత్తుకి గీత గీయించాను. అది బంగాళాఖాతంలోకి పోయింది. సముద్రం మీంచి వచ్చిన గాలి కదా, ఇది ఉప్పు రేణువుల పనే అని రిపోర్టు రాసి, పది మంది ముందు చదివాను కూడా. చివర్లో మా గైడ్ ఒకటే మాట అడిగారు: "మూడు వేల మీటర్ల దగ్గర చూశావా అమ్మా?" చూడలేదు. చూస్తే అక్కడి గీత తిన్నగా వాయవ్యానికి, రాజస్థాన్ వైపుకి పోయింది. వేసవి మధ్యాహ్నం మన ఊళ్లలో కింద చల్లటి పైరగాలి సముద్రం మీంచి వస్తుంటే, అదే సమయంలో దాని మీద పై అంతస్తులో ఉత్తరాది ఎండుగాలి ఎదురు దిక్కున పోతూ ఉంటుంది. నేను ఒక అంతస్తుని అడిగి మేడంతటికీ జవాబు చెప్పేశాను. లేజర్ పరికరం చూస్తే దుమ్ము పొర ఉన్నది పైనే. ఆ రిపోర్టులో ఇంకో తప్పు కూడా దొరికింది. మోడల్ గ్రీనిచ్ టైములో మాట్లాడుతుంది, నేను మన టైము ఇచ్చాను. అయిదున్నర గంటలు తేడా. గాలి దిక్కు మారే వేళల్లో అయిదున్నర గంటలంటే ఒక దేశం పోయి ఇంకో దేశం వస్తుంది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. అప్పట్నుంచీ ఒక్క గీత గీసి ఊరుకోవడం మానేశాను. హైస్ప్లిట్‌లోనే గాలిని కొద్దికొద్దిగా అటూ ఇటూ జరిపి 27 గీతలు గీసే ఏర్పాటు ఉంది. ఇరవై ఏడూ ఒకే వైపు పోతే ధైర్యంగా చెప్తాను. నాలుగు దిక్కులకీ విచ్చుకుపోతే, తెలియదనే చెప్తాను. మామూలుగా ప్రయాణించిన దూరంలో 15 నుంచి 30 శాతం దాకా తేడా ఉండొచ్చని ఆ ప్రోగ్రాం వాళ్లే చెబుతారు. వెయ్యి కిలోమీటర్లు వచ్చిన గాలి అయితే, అది బయల్దేరిన చోటు ఫలానా ఊరని చెప్పలేం, ఫలానా ప్రాంతమని మాత్రం చెప్పగలం.

ఇప్పుడు అసలు మాట. మోడల్‌లో ఏది నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి అని నన్ను చాలామంది అడుగుతారు. నా అనుభవంలో దారి నమ్మొచ్చు, బరువు దగ్గర జాగ్రత్త పడాలి. దుమ్ము ఎటు పోయిందో మోడళ్లు బాగానే చెబుతాయి, ఎందుకంటే గాలిని మనం రోజూ కొలుస్తున్నాం. ఎంత లేచిందో చెప్పడమే కష్టం. 2011లో ప్రపంచంలోని 15 మోడళ్లను పక్కపక్కన పెట్టి, ఏడాదికి భూమి మీద ఎంత ఎడారి దుమ్ము లేస్తుందని చూశారు. ఒక మోడల్ సుమారు 50 కోట్ల టన్నులంది, ఇంకోటి 430 కోట్ల టన్నులంది. ఎనిమిది రెట్ల తేడా! అవి చదువు రాని మోడళ్లు కావు, గొప్ప గొప్ప సంస్థలవే.

ఎందుకింత తేడా? గాలి వేగం రెట్టింపైతే గెంతే ఇసుక రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. గాలిని లెక్కలో ఇరవై శాతం ఎక్కువ వేస్తే దుమ్ము డెబ్బై శాతం పైన పెరిగిపోతుంది. పైగా ఇందాక చెప్పిన 40 కిలోమీటర్ల మడి. ఆ మడిలో సగం చోట గాలి 20, సగం చోట 40 ఉందనుకోండి. మోడల్‌కి సగటు 30 అనే తెలుసు. 30తో లెక్కేస్తే వచ్చే దుమ్ము, విడివిడిగా లెక్కేసి కలిపిన దానికంటే పాతిక శాతం తక్కువ. మన్ను తడి కూడా అంతే. ఒక్క జల్లు పడితే నేల పెచ్చు గట్టిపడి రోజుల తరబడి దుమ్ము లేవదు. ఆ జల్లు మోడల్ కంట పడకపోతే, అక్కడ లేని దుమ్ముని లేపేస్తుంది.

ఇది కేవలం అంకెల గొడవ కాదండీ. 2018 మే 2 రాత్రి రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో దుమ్ము తుఫాను, పిడుగులతో వందమందికి పైగా చనిపోయారు. నిద్రలో ఉండగా గోడలు, చెట్లు మీద పడి పోయినవాళ్లే ఎక్కువ. ఆ రకం తుఫాను పుట్టుక వేరు. ఉరుముల మేఘం లోంచి చల్లబడ్డ గాలి ధబాలున కిందికి దిగి, నేలకి తగిలి, నలువైపులా గోడలా పరుగెత్తుతుంది. ముందు దుమ్ము గోడ, వెనక వాన. అరబ్బులు దాన్ని హబూబ్ అంటారు. పెద్ద మడుల మోడల్‌కి ఆ మేఘమే కనిపించదు, మడి కంటే మేఘం చిన్నది. కొన్ని కిలోమీటర్ల చిన్న మడులతో నడిపితే కనిపిస్తుంది, కానీ దానికి ఎంతో పెద్ద కంప్యూటర్, ఎంతో టైము కావాలి. ఈ ఖర్చు పెట్టాల్సిందేనని నేను ప్రతి వేదిక మీదా అడుగుతూనే ఉన్నాను. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను సంగతి కోనసీమ వాళ్లకి నేను చెప్పాలా? ముందుగా తెలియడానికి, తెలియకపోవడానికి మధ్య తేడా ఏమిటో ఈ హాల్లో ఉన్న పెద్దవాళ్లకి తెలిసినంత నాకు తెలియదు.

మోడల్ బాగా పట్టుకున్న సందర్భమూ చెబుతాను. 2022 జనవరి 23, ఆదివారం. ముంబై వాళ్లు పొద్దున్న లేచేసరికి కార్ల మీద తెల్లటి పొడి, ఎదురుగా మేడలు మసక. అంతకు ముందు రోజు కరాచీలో దుమ్ము తుఫాను. ఆ ధూళి అరేబియా సముద్రం దాటి, గుజరాత్ తీరాన్ని తాకుతూ ముంబై చేరింది. శాటిలైట్ బొమ్మల్లో సముద్రం మీద ఆ పాలరంగు పొర స్పష్టంగా కనిపించింది. అలా దుమ్ము లేపింది ఒక పెద్ద వాతావరణ వ్యవస్థ కాబట్టి, పెద్ద మడుల్లో కూడా ఇమిడింది.

ఇప్పుడు పెద్దాయన అడిగిన ప్రశ్నకి వస్తాను. మనకేం పని?

అరేబియా ఎడారుల నుంచి జూన్, జూలై నెలల్లో పుట్టెడు దుమ్ము అరేబియా సముద్రం మీదికి వస్తుంది. సరిగ్గా మన నైరుతి రుతుపవనాలు నడిచే దారిలోకే. 2014లో వినోజ్, ఆయన సహచరులు దీని మీద ఒక ముఖ్యమైన పని ప్రచురించారు. ఆయన భువనేశ్వర్ ఐఐటీలో పనిచేస్తారు. పశ్చిమాసియా, అరేబియా సముద్రం మీద దుమ్ము ఎక్కువున్న రోజుల తర్వాత, వారం లోపలే మధ్య భారతంలో వాన పెరుగుతోందని శాటిలైట్ రికార్డుల్లో కనిపించింది. అది కాకతాళీయమా, నిజమా? ప్రకృతిలో దుమ్ముని ఆపేసి చూడలేం కదా. మోడల్‌లో ఆపొచ్చు. ఒకసారి దుమ్ముతో, ఒకసారి దుమ్ము లేకుండా అదే వాతావరణాన్ని నడిపారు. దుమ్ము ఎండని పీల్చి అక్కడి గాలిని వేడెక్కిస్తోంది, ఆ వేడికి నైరుతి గాలి బలపడి ఎక్కువ తేమని మన దేశం వైపు తోస్తోంది అని తేలింది. నా దృష్టిలో కంప్యూటర్ మోడల్ చేసే అసలైన మేలు ఇలాంటిదే. లేని లోకాన్ని కట్టి, ఉన్న లోకం పక్కన పెట్టి చూపిస్తుంది.

మధ్య భారతంలో పడ్డ వానలో కొంత నర్మదకి పోతుంది, కొంత మహానదికి పోతుంది. వార్ధా, వైన్‌గంగ, ఇంద్రావతి లోయల్లో పడ్డది మాత్రం మనకే వస్తుంది. ప్రాణహిత పొంగుతుంది, భద్రాచలం దగ్గర నీటిమట్టం లేస్తుంది, ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు, లంకల్లో వాళ్లు గేదెల్ని గట్టు మీదికి తోలుకుంటారు. నారుమళ్లకి నీళ్లు ఎప్పుడు వదులుతారన్నదీ ఆ వాన మీదే ఉంది. ఎక్కడో అరేబియాలో లేచిన ధూళి మన చేలో రేణువుగా పడకపోవచ్చు, దానివల్ల కదిలిన వాన మాత్రం గోదారిలో కలిసి వస్తోంది. అలాగని ఈ ఏడు అక్కడ దుమ్ము బాగా లేచింది, ఇక్కడ వరద ఖాయం అని ఎవరైనా చెబితే నమ్మకండి. వానని నడిపే వంద కారణాల్లో ఇదొకటి. దుమ్ము కింద నేలని చల్లబరుస్తుంది, మబ్బుల్లో చినుకుల్ని మారుస్తుంది, పొగతో కలిస్తే ఇంకోలా ప్రవర్తిస్తుంది. ఆ కూడికలూ తీసివేతలూ ఇంకా జరుగుతూనే ఉన్నాయి.

మోడల్ చెప్పింది నిజమో కాదో తేల్చేది మాత్రం నేల మీది కొలతే. మా తాత వరద నీటి రంగు చూసి, ఏ ఉపనది పొంగిందో అంచనా కట్టేవారు. ఎర్రనీరు వచ్చిందా, నల్లరేగడి కలిసిందా అని చేత్తో తీసి చూసేవారు. మేమూ ధూళికి అదే చేస్తాం. వడపోత కాగితం మీద పట్టి అందులో ఏ ఖనిజాలున్నాయి, ఏ పాళ్లలో ఉన్నాయి అని చూస్తాం. ప్రతి ఎడారికీ ఒక ముద్ర ఉంటుంది. గీత రాజస్థాన్ అని, మన్ను ఇంకోటి అంటే నేను మన్ను మాటే వింటాను.

(సభలో ఒక ప్రశ్న: "మన లంకల్లో లేచే ఇసుక మోడల్‌లో కనిపిస్తుందా మేడమ్?")

కనిపించదమ్మా. మన కోనసీమే రెండు, మూడు మడులన్నాను కదా, అందులో లంక ఎంత? ఆ మడిని మోడల్ పచ్చటి పొలం అనే అనుకుంటుంది. అందుకే మీలాంటివాళ్లు కావాలి. మచిలీపట్నంలో, విశాఖపట్నంలో వాతావరణ శాఖ వాళ్లు బెలూన్లు ఎగరేసి పై గాలిని కొలుస్తారు. గ్రీనిచ్ లెక్కలో సున్నా గంట, మనకి తెల్లారి అయిదున్నర. ఆ రెండు చోట్ల మధ్య ఇంత డెల్టా ఉంది. మీ మేడ మీంచి రోజూ కనిపించే దూరపు వస్తువు ఒకటి ఎంచుకోండి. గుడి గోపురమో, సెల్ టవరో ఏదైనా సరే. ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా రోజూ చూసి, కనిపించిందా, మసకగా ఉందా, అసలు లేదా అని నోట్‌బుక్‌లో రాయండి. ఆకాశం రంగు రాయండి, గాలి ఎటు నుంచో రాయండి. టైము తప్పకుండా వెయ్యండి. మన టైమే వెయ్యండి, అయిదున్నర గంటలు నేను తీసేసుకుంటాను.